నచ్చలేదని చెప్పవచ్చునా? పేరుమోసిన ఆల్బమ్‌లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రపంచమంతా మెచ్చుకున్న ఆల్బమ్‌లను తీరిక వేళల్లో విని, మీకేమనిపించిందో దాపరికం లేకుండా రాయండని కిందటి సంచికలో కోరాం. సంగీతం నేర్వనివారు, నేర్చుకుని మధ్యలో మానేసినవారు, పిల్లలు వినిపిస్తే విన్నవారు ఎందరో రాశారు. చాలా ఉత్తరాల్లో ఒకే సంకోచం కనిపించింది: నలుగురూ మెచ్చినది తమకు నచ్చకపోతే లోపం తమలోనే ఉందేమోనని. నేను కూడా విద్వాంసుణ్ణి కాను, ఇష్టంగా వినే శ్రోతను మాత్రమే. అందుచేత తీర్పులు చెప్పబోవడం లేదు. ప్రతి ఉత్తరాన్నీ ఒకే ప్రశ్నతో చదివాను. నచ్చిందో నచ్చలేదో సరే, ఆ రికార్డులో ఏ చోట అలా అనిపించింది?

ప్రశ్న: అమెరికా సంగీత పత్రిక ‘రోలింగ్ స్టోన్’ ప్రకటించిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో మొదటిదని తెలిసి అక్కడి గాయకుడు మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ విన్నాను. హాయిగానే ఉంది. కానీ పాటలన్నీ ఒకే పాటలా అనిపించాయి. ఏది ఎక్కడ ముగిసిందో తెలియలేదు. దీన్ని అన్నిటికంటే గొప్పదని ఎలా ఒప్పుకోవడం? (బ్యాంకు ఉద్యోగి, గుంటూరు)

జవాబు: ఒప్పుకోనక్కర లేదు. అదే పత్రిక 2003లో ఇచ్చిన జాబితాలో బీటిల్స్ బృందం వారి ‘సార్జంట్ పెప్పర్స్’ మొదటిది, మార్విన్ గేది ఆరవది. 2020లో జాబితాను మళ్లీ తయారుచేసినప్పుడు గే మొదటి స్థానానికి వచ్చాడు, బీటిల్స్ ఆల్బమ్ 24వ స్థానానికి దిగింది. ఈ పదిహేడేళ్లలో ఆ రెండు రికార్డుల్లో ఒక్క స్వరమైనా మారలేదు. ఓటు వేసినవారు మారారు, వారితోపాటు అభిరుచులు మారాయి. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టండి.

అయితే ‘పాటలన్నీ ఒకే పాటలా’ అని మీరు రాసిన మాటను నేను ఫిర్యాదుగా తీసుకోలేను, ఎందుకంటే మీ చెవి సరిగ్గా పట్టుకున్నది ఆ ఆల్బమ్ నిర్మాణాన్నే. ఈ ఆల్బమ్‌ను తెచ్చిన డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల సంస్థకు అప్పటిదాకా మూడు నిమిషాల ప్రేమ పాటలతోనే పేరు వచ్చింది. మార్విన్ గే తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చి అక్కడి సంగతులు చెప్పినప్పుడు గే కదిలిపోయాడు. 1971 మే నెలలో వెలువడిన ఈ ఆల్బమ్‌లో యుద్ధం, ఉద్యోగాలు దొరకని యువకులు, మత్తుమందులు, పాడవుతున్న గాలీ నీరూ అన్నీ ఒక దానిలోంచి ఒకటిగా సాగుతాయి. రెండవ పాట యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన సైనికుడి గొంతుతో, ఊళ్లో పనులు దొరుకుతున్నాయా, మన బేస్‌బాల్ జట్టు గెలుస్తుందా అని వాకబు చేస్తున్నట్లు ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకోనివ్వకపోవడం ఆయన కావాలని చేసిన పని. సంస్థ యజమాని బెర్రీ గోర్డీకి మొదటి పాట నచ్చలేదు, విడుదలకే ఇష్టపడలేదు; అదే ఏడు జనవరిలో, ఆల్బమ్ కంటే ముందు విడిగా బయటికి వచ్చాక ఆ పాట విపరీతంగా అమ్ముడుపోయింది. అంటే, నచ్చనివారిలో మీకంటే ముందు ఆ ఇంటి యజమానే ఉన్నాడు.

మళ్లీ వినదలిస్తే మొదటి నిమిషం మాత్రం శ్రద్ధగా వినండి. ఎవరెవరో కలుసుకుని పలకరించుకుంటున్న సందడి, దాని మీదుగా శాక్సోఫోన్, ఆ తర్వాత గే గొంతు. కాస్త చెవి పెడితే ఆ గొంతు ఒకటి కాదని, రెండని తెలుస్తుంది. గే రెండు వేర్వేరు సార్లు పాడిన గాత్రాలను పోల్చి చూసుకోవడానికి అడిగితే, ఇంజనీరు పొరపాటున రెండింటినీ ఒకేసారి వినిపించాడట. అది ఆయనకు ఎంతగా నచ్చిందంటే, అప్పటినుంచి తనతో తానే మాట్లాడుకుంటున్నట్లు పాడడం ఆయన పద్ధతి అయింది. ఒక గొంతు చెబుతుంటే రెండవది పక్కనుంచి ఓదారుస్తున్నట్లు ఉండే ఆ తీరు నాకు ఈ ఆల్బమ్ మొత్తంలో అత్యంత ప్రియమైనది. గ్రామఫోను రికార్డు రెండవ వైపున ఏడు నిమిషాలు దాటిన ‘రైట్ ఆన్’ దగ్గర మాత్రం నా మనసు ఇప్పటికీ పక్కదారి పడుతుంది. ఆ సంగతి ఒప్పుకున్నంత మాత్రాన మిగిలిన పాటల మీద ప్రేమ తగ్గదు.

ప్రశ్న: చిన్నప్పుడు నాలుగైదేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను జాజ్ సంగీతంలో శిఖరం అంటారు కదా అని విన్నాను. నాకు అది హోటల్ లాబీలో మెల్లగా వినిపించే సంగీతంలా అనిపించింది. పల్లవి లేదు, సాహిత్యం లేదు, ఎక్కడికీ వెళ్లడం లేదు. దీన్ని ఎలా వినాలి? (ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు కాబట్టి మీకు నేరుగా ఒక దారి ఉంది. మొదటి రచన ‘సో వాట్’ తీసుకోండి. అందులో వాడిన స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. ‘చక్కని రాజమార్గము’ మీకు వచ్చి ఉంటే ఆ స్వరాలు మీ గొంతులో ఇప్పటికే ఉన్నాయి. నాలుగు మాత్రల ఆవర్తనాలు 16 వరకు వారు ఆ స్వరాల్లోనే ఉంటారు. తర్వాత 8 ఆవర్తనాలకు మొత్తం చట్రాన్నీ అర స్వరం పైకి జరుపుతారు. మళ్లీ 8 ఆవర్తనాలకు మొదటి చోటికి దిగుతారు. ఇలా 32 ఆవర్తనాల చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఒక్కొక్క వాద్యకారుడూ దాని మీద తన మనోధర్మాన్ని చూపిస్తాడు. ఎక్కడికీ వెళ్లడం లేదని మీకు అనిపించడానికి కారణం ఇదే: అప్పటి జాజ్‌లో క్షణక్షణం మారే స్వరసమూహాలను డేవిస్ తీసివేసి, ఒకే చోట ఎక్కువసేపు నిలిచే అవకాశాన్ని వాద్యకారులకు ఇచ్చాడు.

ఆరంభంలో పాల్ ఛేంబర్స్ బేస్ అనే పెద్ద తీగ వాద్యం మీద ఒక చిన్న ప్రశ్నలాంటి పలుకు పలికితే, పియానో రెండు దెబ్బలతో జవాబు చెబుతుంది. కాసేపటికి ఆ జవాబును ఊదే వాద్యాలు అందుకుంటాయి. సాధారణంగా వెనక ఉండే వాద్యానికి ఇక్కడ ప్రధాన వరస ఇచ్చారు. తర్వాత డేవిస్ ట్రంపెట్ వస్తుంది. ఎంత తక్కువ పలుకుతాడో, ఎంతసేపు ఊరుకుంటాడో గమనించండి. ఆయన తర్వాత జాన్ కోల్ట్రేన్ శాక్సోఫోన్ మీద అవే స్వరాలతో, అదే చక్రం మీద, ఎంత దట్టంగా వాయించాడో వినండి. ఆ ఇద్దరి మధ్య తేడా మీ చెవికి తెలిసిన క్షణాన ఇక హోటల్ లాబీ గుర్తుకు రాదు. ఒక్క హెచ్చరిక: గమకాల కోసం, రాగభావం కోసం వెతకకండి. స్వరాలు ఒకటే అయినంత మాత్రాన అది ఖరహరప్రియ కాదు. వారి అందం ఊపిరి వదిలే తీరులో, లయ మీద వాలే తీరులో ఉంది.

ఈ ఆల్బమ్‌ను న్యూయార్క్‌లో 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే విడతల్లో రికార్డు చేశారు. డేవిస్ చాలా చోట్ల స్వరాల నమూనాలు మాత్రమే చేతికిచ్చి వాయించమన్నాడు. మీలాంటి శ్రుతి తెలిసినవారికి ఇంకొక సంగతి ఆసక్తి కలిగించవచ్చు. మార్చి నాటి టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరగడం వల్ల, ఎల్‌పీ (గ్రామఫోను రికార్డు) మొదటి వైపున్న మూడు రచనలూ అసలు శ్రుతి కంటే కాస్త పైకి వినిపించేవి. 1992 ప్రచురణలో గాని ఆ తేడాను సరిచేయలేదు. అప్పటిదాకా రికార్డుతో కలిపి వాయించబోయిన వారందరికీ శ్రుతి కుదిరేది కాదు. నాకు ఆ మూడింటిలో అతి చిన్నదైన ‘బ్లూ ఇన్ గ్రీన్’ ప్రాణం. బిల్ ఎవాన్స్ పియానోతో మొదలై ఆ పియానోలోనే కరిగిపోయే ఆ రచనను రాత్రిపూట, దీపాలు తగ్గించి, మరే పనీ పెట్టుకోకుండా వినమని కోరుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి హెడ్‌ఫోన్ పెట్టి ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ వినిపించాడు. గడియారాల మోత, నవ్వులు, కేకలు, నాకంతా గోలగా ఉంది. కానీ ఒక చోట ఒక స్త్రీ మాటలేమీ లేకుండా గొంతెత్తి పాడితే ఎందుకో ఏడుపు వచ్చింది. మిగతాది అర్థం కాకుండా ఆ ఒక్క ముక్క నచ్చడం సరైన వినికిడేనా? (గృహిణి, హైదరాబాదు)

జవాబు: అమ్మా, ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ‘ఎక్కడ’ అన్నదానికి ఇంత స్పష్టంగా జవాబు చెప్పిన ఉత్తరం మీదే. ఆమె పేరు క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం ఆమెను లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు పిలిపించి, మాటలు వద్దని, చావును గురించిన సంగీతమని చెప్పి పాడమన్నారు. అప్పుడామెకు పాతికేళ్లు. తన గొంతును ఒక వాద్యంగా ఊహించుకుని పాడింది. ఆ పనికి ఆమెకు ముట్టినది 30 పౌండ్లు. ఆ రచనకు కర్తగా పియానో వాయించిన రిచర్డ్ రైట్ పేరు మాత్రమే ఉండేది. 2004లో ఆమె కోర్టుకు వెళ్లింది. మరుసటి ఏడు రాజీ కుదిరి, అప్పటినుంచి ఆమె పేరు కూడా కర్తగా చేరింది. మీకు కన్నీళ్లు తెప్పించినది ఆమె అప్పటికప్పుడు అల్లుకున్న ఆలాపన. ఆలాపనకు మాటలు అక్కరలేదని మన సంగీతం వినేవారికి వేరే చెప్పనక్కర లేదు.

ఇక మిగతా గోల సంగతి. ఎల్‌పీ రికార్డులో ఆ ఆలాపనతో మొదటి వైపు ముగుస్తుంది. లేచి వెళ్లి రికార్డు తిప్పేదాకా గదిలో నిశ్శబ్దం ఉంటుంది. ఫోనులో ఆ విరామం లేదు. ఆమె గొంతు ఆగీ ఆగకముందే తర్వాతి పాటలోని నాణేల గలగల మీద పడుతుంది. ఈసారి అక్కడ ఆపి, కాసిని మంచినీళ్లు తాగి వచ్చి, రెండవ భాగం మొదలుపెట్టమని మీ అబ్బాయికి చెప్పండి. ఆ నాణేల చప్పుడు, దుకాణంలో డబ్బుపెట్టె మోత కూడా ఊరికే పెట్టినవి కావు. టేపు ముక్కలను కొలిచి, కత్తిరించి, అతికించి వాటిని ఏడు మాత్రల నడకగా కూర్చారు. మిశ్రచాపు తాళంలా ‘తకిట తకధిమి’ అనుకుంటూ చేతితో వేసి చూడండి, పాట చేతికి అందుతుంది. శాక్సోఫోన్ కూడా ఆ ఏడులోనే వాయిస్తుంది. గిటారు విజృంభించే చోట మాత్రం నడక నాలుగుకు మారుతుంది, ఆ మార్పును ఒళ్లే ముందుగా గుర్తిస్తుంది. గడియారాల మోత నాకూ మొదట్లో చెవికి కష్టంగానే ఉండేది. కాలం చేజారిపోయిందని ఉలిక్కిపడే మనిషి పాట అది. ఆ ఉలికిపాటు మనకు కలగాలనే ఆ మోతను అక్కడ పెట్టారు.

ప్రశ్న: ముప్పై ఏళ్లు ఇంగ్లీషు బోధించాను. అయినా కెనడా గాయని జోనీ మిచెల్ ‘బ్లూ’ వింటే సగం మాటలు అందలేదు. సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వినడం పరీక్షలో కాపీ కొట్టినట్లు అవుతుందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్లు)

జవాబు: ఎంతమాత్రం కాదు, మాస్టారూ. త్యాగరాజ కీర్తనలు మనలో చాలామందికి కచేరీకి వెళ్లకముందే నోటికి వచ్చి ఉంటాయి. అందుకే గాయకుడు సంగతుల్లో పదాన్ని ఎంత సాగదీసినా మనం దారి తప్పం. 1971లో వచ్చిన ‘బ్లూ’లోని పది పాటలూ ఆమె తన సొంత ప్రేమలను, ప్రయాణాలను, ఎడబాట్లను గురించి రాసుకున్నవి. ఒక చరణంలో ఇమడనన్ని మాటలను ఆమె ఊపిరి బిగబట్టి ఇమిడిస్తుంది. మొదటిసారి కాగితం లేకుండా, గొంతు కోసం వినండి. రెండవసారి కాగితంతో వినండి. ‘రివర్’ అన్న పాటలో మాత్రం మాటలు లేకపోయినా సంగతి తెలిసిపోతుంది. కాన్వెంటు బడి పిల్లలందరికీ తెలిసిన ‘జింగిల్ బెల్స్’ వరసను పియానో మీద దిగులుగా వంచి మొదలుపెడుతుంది. ఊరంతా పండుగ చేసుకుంటుంటే తాను ఎక్కడికైనా వెళ్లిపోవాలనుకునే మనిషి ఆ నాలుగు పలుకుల్లోనే కనిపిస్తుంది. తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చి ఆమె ఎడమ చెయ్యి బలహీనపడింది. దానికి వీలుగా గిటారు తీగలను తన సొంత పద్ధతుల్లో శ్రుతి చేసుకుంది. ఆమె గిటారు మరెవరి గిటారులానూ వినిపించకపోవడానికి అది ఒక కారణం.

ప్రశ్న: ఇక్కడ నా సహోద్యోగులు బీచ్ బాయ్స్ వారి ‘పెట్ సౌండ్స్’ పేరెత్తితే చేతులు జోడిస్తారు. నాకు అది చిన్నపిల్లల పాటల్లా మరీ తీపిగా అనిపించింది. వారి ముందు నోరు విప్పలేదు. ఇది నచ్చాలంటే అమెరికాలో పుట్టి పెరగాలా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)

జవాబు: కొంతవరకు నిజమే. హైస్కూలు ప్రేమలు, కాలిఫోర్నియా సముద్రతీరం, పెళ్లి చేసుకుని వేరు కాపురం పెట్టే రోజు కోసం ఎదురుచూపులు, ఇవన్నీ చిన్ననాటి జ్ఞాపకంగా ఉన్నవారికి ఆ పాటలు మనకంటే ముందుగా తగులుతాయి. కానీ 1966లో ఆ ఆల్బమ్ విడుదలైనప్పుడు అమెరికా అమ్మకాల పట్టికలో పదవ స్థానం దాటి పైకి వెళ్లలేదు. బ్రిటన్‌లో మాత్రం రెండవ స్థానానికి చేరింది. స్వదేశం తడబడిన చోట పరాయి దేశం ఆదరించింది కాబట్టి, పుట్టుకే అర్హత అనుకోవడానికి వీల్లేదు.

ఆ తీపి వెనక ఉన్న పనితనం వినడానికి ‘గాడ్ ఓన్లీ నోస్’ ఒక్కటి చాలు. ఫ్రెంచ్ హార్న్ పలుకుతో మొదలై, చివరికి వచ్చేసరికి ఒక గొంతు అందుకున్న మాటను ఇంకొక గొంతు, దాన్ని మరొక గొంతు అల్లుకుంటూ, ముగింపు లేకుండా దూరమైపోతుంది. దాన్ని కూర్చిన బ్రయన్ విల్సన్‌కు అప్పటికి 23 ఏళ్లు. ఆయనకు కుడి చెవి దాదాపు వినపడేది కాదు. అందుకే ఆల్బమ్‌ను స్టీరియోలో కాక మోనోలో, అంటే కుడి ఎడమల తేడా లేకుండా, అన్ని వాద్యాలనూ ఒకే ముద్దగా కలిపి తయారుచేశాడు. మీరు విన్నది తర్వాతి కాలపు స్టీరియో ప్రతి అయితే, ఒకసారి మోనో ప్రతిని వెతికి వినండి. అప్పటికీ తీపి ఎక్కువైందనిపిస్తే మీ సహోద్యోగులతో ఆ మాటే చెప్పండి, ఏ పాట దగ్గర అనిపించిందో కూడా చెప్పండి. ‘నచ్చలేదు’ అన్న ఒక్క మాటకు వారు నొచ్చుకోవచ్చు. ఫలానా చోట గంటల చప్పుడు నాకు అడ్డం వచ్చిందంటే కూర్చుని మాట్లాడతారు. ‘స్లూప్ జాన్ బీ’ ఆ ఆల్బమ్‌లో ఇమడలేదని నా అభిప్రాయం. మిగతా పాటలన్నీ లోపలికి చూసుకుంటున్నప్పుడు అదొక్కటే బయటికి చూస్తుంది.

ప్రశ్న: ఇలా మొదటినుంచి చివరిదాకా ఒక్క రచనగా వినదగిన ఆల్బమ్‌లు మనకు లేవా? (పుస్తకాల షాపు యజమాని, రాజమహేంద్రవరం)

జవాబు: సినిమా పాటల క్యాసెట్లతో పెరిగిన మనకు ఆ అలవాటు తక్కువ, ఎందుకంటే ఆ పాటలు కథలోని సన్నివేశాలకు కట్టుబడినవి. అయినా అలవాటు అసలే లేదనలేం. ఘంటసాల గానం చేసిన భగవద్గీతను, శ్లోకం వెంట తెలుగు తాత్పర్యంతో సహా, మధ్యలో ఆపకుండా విన్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలేనన్ని. అందులో మాట్లాడే గొంతు ఎక్కడ పాడే గొంతు అవుతుందో గమనించండి. సినిమాకు సంబంధం లేని వాద్య సంగీతం కావాలంటే రెండు చెబుతాను. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు కలిసి వెలువరించిన ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ కాశ్మీరులో ఒక గొర్రెల కాపరి రోజును వేకువనుంచి రాత్రిదాకా, ఆయా వేళల రాగాలతో చెబుతుంది. 1986లో ఇళయరాజా చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ త్యాగరాజుకూ జర్మనీ స్వరకర్త బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చినది; వి.ఎస్. నరసింహన్ వయొలిన్ కోసమైనా దాన్ని వినాలి.

ప్రశ్న: మా ఇంట్లో భజనలు, కీర్తనలు తప్ప వేరే సంగీతం తెలియదు. మీరు చెప్పేవాటిలో మాలాంటివారు ఒక్కటే వినాలంటే ఏది? (రైతు, తెనాలి దగ్గర)

జవాబు: జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ వినండి. పైన ‘సో వాట్’ దగ్గర చెప్పిన శాక్సోఫోన్ వాద్యకారుడే. మత్తుమందుల వ్యసనం నుంచి 1957లో బయటపడినవాడు. ఆ ఏడు తనకు ఆధ్యాత్మిక మేలుకొలుపు కలిగిందని, భగవంతుడికి కృతజ్ఞతగా ఈ రచన చేశానని ఆల్బమ్ అట్ట మీద ఆయనే రాసుకున్నాడు. భారతీయ సంగీతం మీద ఎంతో మక్కువ ఉన్నవాడు. తన కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నది రవిశంకర్ మీద గౌరవంతోనే. 1964 డిసెంబరు 9న ఒకే విడతలో, నలుగురు కలిసి రికార్డు చేసిన నాలుగు భాగాల రచన ఇది. అరగంటకు కాస్త పైన ఉంటుంది.

మొదటి భాగంలో బేస్ వాద్యం నాలుగు స్వరాల చిన్న పలుకును పదే పదే పలుకుతుంది. శాక్సోఫోన్ ఆ పలుకునే ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి, పన్నెండు శ్రుతులకూ తీసుకువెళ్తుంది. అప్పుడు వాద్యం ఆపి కోల్ట్రేన్ అవే నాలుగు స్వరాల మీద ఆల్బమ్ పేరును నామజపంలా అంటాడు. మీ ఇంట్లో భజన జరిగే తీరు మీకు తెలుసు కాబట్టి ఈ చోటు కొత్తగా ఉండదు. నడిమి రెండు భాగాల్లో డోలు, పియానో చాలా ఉద్ధృతంగా ఉంటాయి, శాక్సోఫోన్ కొన్నిచోట్ల అరుపులా వినిపిస్తుంది. అక్కడ కష్టమనిపిస్తే నేరుగా నాలుగవ భాగానికి వెళ్లండి, తప్పేమీ లేదు. ఆ భాగంలో తాళం లేదు. కోల్ట్రేన్ తాను రాసిన ప్రార్థనా గీతాన్ని నోటితో అనకుండా, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పలుకు చొప్పున శాక్సోఫోన్ మీద చదువుతాడు. ఆ గీతాన్ని ఆల్బమ్ అట్టలోనే అచ్చువేశారు. మీ ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే ఆ పంక్తులను వాద్యంతోపాటు వేలు పెట్టి చూపిస్తూ మెల్లగా చదవమనండి. ఏ పంక్తి ఎక్కడ ముగిసిందో శాక్సోఫోన్ ఆగే చోట మీకే తెలుస్తుంది.